ప్రభువు పక్కన గారు

పంచింగ్ మాస్టర్ అంటే ఎవరినీ పిడిగుద్దులు గుద్దేవాడు కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. మా వియ్యాలవారు చాలాకాలం నేను సూరత్‌లో బాక్సింగు నేర్పుతానని అనుకుని నాతో జాగ్రత్తగా మాట్లాడేవారు. అసలు సంగతి తెలిశాక ఆ జాగ్రత్త పోయింది.

చీరల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే మిషన్లు మీరు చూసే ఉంటారు. మా మిషన్‌కు వరసగా పన్నెండు తలలు, ఒక్కో తలకు దాని సూదులు. ఏ సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో కంప్యూటర్ ముందు కూర్చుని కుట్టు కుట్టుగా రాసిపెట్టేవాడే పంచింగ్ మాస్టర్. సూరత్‌లోని ఖటోదరాలో ఒక కార్ఖానాలో నేను ఆ పని ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. అంతకు ముందు మా నాన్నలాగే మరమగ్గాల మీద పనిచేశాను. కళ్ళు మొరాయించాక మొన్నీమధ్యనే మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్ళు నా దగ్గరికొచ్చి, మాస్టరూ, మీరు వేసిన డిజైన్లలో గొప్పది ఏదని అడుగుతారు. నెమళ్ళు వేశాను, మామిడి పిందెలు వేశాను, పెళ్ళి పల్లకీ బోయీలతో సహా వేశాను. అవన్నీ మరచిపోయాను. గుర్తున్నవి రెండే రెండు అక్షరాలు. అవి కూడా తప్పుగా వేసినవి.

పన్నెండు తలల మిషన్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఒక తల ఏం చేస్తే మిగతా పదకొండూ అదే చేస్తాయి. మీరు తెలివితక్కువ పని చేస్తే, అది కూడా పన్నెండు సార్లు, ఎంతో శ్రద్ధగా చేసిపెడతాయి.

మా కార్ఖానాలో తెలుగు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. సేఠ్ గుజరాతీ. మిషన్ ఆపరేటర్ ఒడియావాడు. కాబట్టి ఊళ్ళో తెలుగు అక్షరాలు కుట్టే పని ఏది వచ్చినా తిన్నగా నా బల్ల మీదికే వచ్చేది. ఎక్కువగా సన్మానం శాలువాలు. ఒకసారి ఒక సంఘం అధ్యక్షుడి శాలువా మీద ఆయన పేరు ఒక్కటే కుట్టాను, పక్కన గారు పెట్టలేదు. ఆయన వేదిక మీద ఆ శాలువా కప్పించుకున్నాడు, ఫోటో దిగాడు, మర్నాడు దాన్ని మడిచి నాకే తిప్పి పంపాడు. "నేను నీ చిన్ననాటి దోస్తునా?" అని లోపల చీటీ కూడా పెట్టాడు. సేఠ్ దగ్గర నాకు చీవాట్లు పడ్డాయి. మా తెలంగాణలో సారు అంటాం కాని గారు మాకంత అలవాటు లేదని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, నా చేతుల మీదుగా గారు లేకుండా ఒక్క పేరూ గడప దాటదని. ఆ ఒట్టును ఎంత గట్టిగా పాటించానంటే, ఏడాది నిండిన పసిపాప పుట్టినరోజు బ్యానరు మీద కూడా గారు కుట్టాను. వాళ్ళు నవ్వుకుని కట్టుకున్నారు.

ఆమె ఒక మధ్యాహ్నం పూట వచ్చింది. యాభై దాటిన మనిషి. సూరత్‌లోనే నవాగామ్ వాడలో ఉంటుంది, ఇంట్లోనే టిక్కీ పని చేస్తుంది. టిక్కీ అంటే చీరల మీద జిగురుతో అంటించే మెరుపు రాళ్ళు. భర్త మగ్గాల మీద పనిచేస్తూనే పోయాడట. చంకలో తెల్లగుడ్డ తాను పెట్టుకుని, చెప్పులు బయట విడిచి, మిషన్ల రొదలో నా బల్ల దాకా వచ్చి నిలబడింది.

"మాస్టరూ, నువ్వు తెలుగు అచ్చరాలు కుడ్తవంట గదా. జర గీ పర్దా మీద కుట్టియ్యాలె."

"ఏం పర్దా అక్కా?"

"మా చర్చిది. నవాగామ్ల కొత్త హాలు కట్టుకున్నం. వచ్చే ఐతారం ప్రతిష్ఠ. ముంగట గోడకు పర్దా నాది. కింది అంచు పొడుగూత ఒకటే మాట మళ్ల మళ్ల రావాలె."

పాత క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చింది. వెనక వైపు పెన్సిల్‌తో, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో, 'యేసు ప్రభువు' అని ఉంది.

"గింతేనా? పువ్వులు వద్దా? కిరీటం గిట్ల పెట్టాల్నా?"

"కిరీటం మా చర్చి సంఘ పెద్ద అడిగిండు. రాజులకు రాజు అని రాయించుమన్నడు. నేనే వద్దన్న."

రాజును వద్దన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. మా తెలుగు సంఘాల్లో కార్యదర్శి పదవి కూడా ఎవరూ వద్దనరు. స్టూలు లాగి కూర్చోమన్నాను, చాయ్ తెప్పించాను.

"రాజు ఎందుకు వద్దక్కా?"

"గా బాయి కాడి ఆమె కత తెల్సా నీకు?"

తెలియదన్నాను. చెప్పింది. ఒకామె మిట్టమధ్యాహ్నం నీళ్ళకు వచ్చిందట. బావి దగ్గర ఒక పరాయి మనిషి కూర్చుని దాహం అడిగాడు. ముందు ఆమె ఆయన్ను నువ్వు ఫలానా జాతివాడివి, నన్నెట్లా నీళ్ళడుగుతావంది. రెండు మాటలయ్యాక అయ్యా అంది. ఇంకో రెండు మాటలయ్యాక ప్రవక్త అంది. చివరికి రావలసిన క్రీస్తు ఈయనేనేమోనని, తెచ్చిన కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది.

"చూసినవా, ఒక్క బాయి కాడ్నే గన్ని మెట్లు ఎక్కింది. ఎవ్వలు గుంజలే. మాట్లాడుకుంట మాట్లాడుకుంట తనే ఎక్కింది."

"మరి నువ్వు ఏ మెట్టు కాడున్నవు?" అన్నాను ఆటపట్టిస్తూ.

"నేను ప్రభువు కాడ ఆగిన. రాజు అంటే మస్తు దూరముంటడు. ప్రభువంటే మాలిక్ లెక్క. రోజు కనబడ్తడు, ఏదన్న అడుగొచ్చు."

"మాలిక్‌ను అడిగితే ఇస్తడా?"

"మా టిక్కీ మాలిక్ ఇయ్యడు. గందుకే ఈయన్ని అడుగుత."

ఆమె వెళ్ళాక చాలాసేపు నవ్వుకున్నాను. తరువాత పనిలో కూర్చున్నాను. అక్షరాలు బాగా కుదిరాయి. మెరూన్ దారం, నిండు కుట్టు. అంతా అయ్యాక కంప్యూటర్ తెర మీద చూసుకుంటే ఏదో వెలితిగా అనిపించింది. పేరు బోసిగా ఉంది. అధ్యక్షుడికే గారు పెట్టాల్సి వచ్చినప్పుడు ప్రభువుకు పెట్టకపోతే ఎలా? పాపం ఆమెకు తెలియక రాయలేదనుకున్నాను. రెండక్షరాలు చేర్చాను.

ఆపరేటర్ మిషన్‌కు గుడ్డ బిగిస్తూ, ఆఖర్న ఉన్న ఆ చిన్న ముక్క ఏమిటని హిందీలో అడిగాడు.

"జీ," అన్నాను.

"ప్రభుజీ?"

"హాఁ, ప్రభుజీ."

అతను మిషన్‌కు ఒకసారి దండం పెట్టి బటన్ నొక్కాడు.

నా పొరపాటంతా అక్కడే ఉంది. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళ పైచిలుకు బతికాను. ఇక్కడ రాముడు రామ్‌జీ, హనుమంతుడు హనుమాన్‌జీ, అమ్మవారు మాతాజీ. జీ లేకుండా దేవుణ్ణి పిలిచిన గుజరాతీని నేను చూడలేదు. జీ అంటే తెలుగులో గారు. కాబట్టి దేవుడికి గారు పెట్టాలి. ఈ లెక్కలో తప్పుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఆమెది బటన్ల ఫోన్, ఫోటో పంపి చూపించే వీలు లేదు. మనం మంచి చేస్తున్నప్పుడు మళ్ళీ అడగడమెందుకనే పొగరు కూడా కొంత ఉంది. పన్నెండు తలలూ ఒక్కసారిగా తలలూపి పని మొదలుపెట్టాయి.

శనివారం పొద్దున ఆ పర్దా నేనే స్వయంగా నవాగామ్ తీసుకెళ్ళాను. ఎవరితోనైనా పంపొచ్చు. కాని మెచ్చుకోలు మాటలు చెవులారా వినాలని ఆశ.

హాలంతా కొత్త సున్నం వాసన. ఆడవాళ్ళు మర్నాటి భోజనాలకు వెల్లుల్లి ఒలుస్తున్నారు. పాస్టరు గారు నిచ్చెన ఎక్కి ఫ్యాను బిగిస్తున్నారు. ఆయనది గుంటూరు వైపు, నలభై దాటి ఉండవు. కింద సంఘ పెద్ద నిలబడి, ఎవరు ఏ పని ఎలా చేయాలో చెబుతున్నాడు. ఒకప్పుడు మగ్గాల దగ్గర మేస్త్రీ, ఆ గొంతు ఇంకా తగ్గలేదు. ఆమె నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని పర్దా విప్పాం.

అందరూ అంచు వైపు మెడలు చాచారు. తరువాత వెల్లుల్లి దగ్గర నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

సంఘ పెద్ద కళ్ళజోడు పెట్టుకుని, అంచు వెంబడి వేలు పెట్టి చదువుతూ నడిచాడు. యేసు ప్రభువు గారు. యేసు ప్రభువు గారు. ఒక్కచోటైనా గారు లేకుండా ఉంటుందేమోనని పాపం పన్నెండూ చదివాడు. చివరి కొస దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"గిదేంది మాస్టరూ? మా ప్రభువు ఏమన్న మునిసిపాలిటీల క్లర్కా?"

"మర్యాద కోసం పెట్టిన పెద్దయ్యా," అన్నాను.

"గారు మనుషులకు పెడ్తరు. దేవునికి పెడ్తరా? నువ్వు మీ గుడికి పోతవు గదా, రాముడు గారు అంటవా? శివుడు గారు అంటవా?"

 అరవై ఏళ్ళ వయసు వచ్చింది, ఒక్కసారీ అనలేదు. రేషన్ షాపువాణ్ణి మీరు అంటాను, బ్యాంకు గుమాస్తాను మీరు అంటాను, వేములవాడ రాజన్నను మాత్రం నువ్వు అంటాను. చూస్తున్నవా నా బతుకు, నీకు కండ్లున్నయా లేవా అని కోప్పడిన రోజులు కూడా ఉన్నాయి. ఈ సంగతి నా నోటికి తెలుసు కాని నా తలకు తెలియదన్నమాట. లోపల "రాజన్న గారు" అని ఒకసారి అనుకుని చూశాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆ నవ్వే కొంప ముంచింది.

"చూసిండ్రా, నవ్వుతుండు. కావాలని చేసిండు. మీ ప్రభువు మనిషే, దేవుడు కాదు అని చెప్పనీకి గిట్ల కుట్టిండు."

ఒట్టు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేనెందుకు అలా చేస్తాను? పైగా అలా చేయడానికి కావలసినంత శాస్త్రం నాకెక్కడ తెలుసు? సంఘ పెద్ద నన్ను వదిలి ఆమె వైపు తిరిగాడు.

"ఓ టిక్కీ, ముందుగాలే చెప్పిన నీకు, మార్కెట్ల తయారు పర్దా తెద్దామని. ఇన్నవా? రేపు గిది కట్టేది లేదు. ఉత్త గోడనే నయం."

ఆమె పర్దా కొస వదలకుండా అలాగే నిలబడింది. ఆ 'ఓ టిక్కీ' నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈ ఊళ్ళో ముక్కూ మొహం తెలియని గుజరాతీ కూడా ఆమెను బేన్, అంటే అక్కా, అంటాడు. మనవాళ్ళు పని పేరు పెట్టి పిలుస్తారు.

వెల్లుల్లి ఒలుస్తున్న ఒకావిడ నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది. హాలుకు ఎవరెవరు ఏమిచ్చారో మర్నాడు అందరి ముందూ చదువుతారట. కుర్చీలు ఒకరివి, ఫ్యాన్లు ఒకరివి, మైకు ఒకరిది, పర్దా ఈమెది. ఎన్నేళ్ళుగానో ఆ సంఘంలో ఉంటున్నా ఆమె పేరు ఒక్కసారీ బయటికి చదవలేదట. పర్దా కట్టకపోతే ఆ పేరూ చదవరు. నేను ఏం చేశానో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

పాస్టరు గారు నిచ్చెన దిగి వచ్చారు. అంచును చూశారు. పెదాలు బిగబట్టారు, కాని కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

"ఆగండి పెద్దాయనా. మాస్టరు గారు సగం వరకు కరెక్టుగానే రాశారు."

"సగం ఏంది?"

"ఆయన మనిషిగా పుట్టాడని ప్రతి ఆదివారం చెప్పేది మనమే కదండీ. ఆకలేసింది, అలిసిపోయాడు, ఏడ్చాడు అంటాం. ఆ సగానికి గారు పెట్టుకోవచ్చు."

"మరి తక్కిన సగానికి?"

"అదే చిక్కు. ఆ సగానికి గారు చాలదు. పోనీ సగానికే కుట్టిద్దామంటే విడదీయడం మన వల్ల కాదు."

సంఘ పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఎలాగూ నేరస్థుణ్ణే కాబట్టి, ధైర్యం చేసి నా సందేహం అడిగేశాను.

"ప్రభువు అంటే దేవుడనేనా సార్ అర్థం? మరి మేము సేఠ్‌ను మాలిక్ అంటం. పైనున్నాయన్ని గూడ మాలిక్ అంటం."

"మంచి మాట అడిగారండి," అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సువార్తలు మొదట రాసిన గ్రీకు భాషలో కూడా ఇలాంటి మాటే ఒకటుంది. అయ్యా అన్నా అదే, యజమానీ అన్నా అదే, ప్రభువా అన్నా అదే. బావి దగ్గర ఆ స్త్రీ అన్నప్పుడు మన తెలుగువాళ్ళు అయ్యా అని రాశారు. ఆయన చనిపోయి మళ్ళీ లేచాక శిష్యుడు మోకాళ్ళ మీద పడి అన్నప్పుడు ప్రభువా అని రాశారు. మాట ఒకటే. అన్నవాళ్ళే మారారు."

"అట్లయితే ఉత్త ప్రభువు అంటే దేవుడని రుజువు కాదు గదా," అన్నాను.

"ఉత్తగా అంటే కాదు. కాని దేవుడి అసలు పేరు పలకడానికి భయపడి యూదులు దాని బదులు ప్రభువు అని చదివేవారు. అలాంటి మాటను శిష్యులు తీసుకొచ్చి, తమతో పాటు చేపలు తిన్న మనిషికి పెట్టారంటే, వాళ్ళు మామూలు మర్యాదకు పెట్టలేదండి."

పర్దా కొస పట్టుకునే ఉన్న ఆమె అప్పుడు అందుకుంది.

"ఆయన లేచిన పొద్దుగాల సమాధి కాడ ఏడ్సుకుంట నిలవడ్డ గామె ఆయన్నే తోటపనోడు అనుకోని గూడ అయ్యా అనే అన్నది గద పాస్టరు గారూ. గప్పుడు గుర్తువట్టలే. ఆయన పేరువెట్టి పిలిచినంకనే గుర్తువట్టింది."

పాస్టరు గారు ఆమెను కొత్తగా చూశారు. సంఘ పెద్ద కూడా చూశాడు.

"అవునమ్మా. ఆమె పెట్టిన బిరుదుతో కాదు, ఆయన పిలిచిన పిలుపుతో గుర్తుపట్టింది," అన్నారాయన నెమ్మదిగా. తరువాత, "పర్దా నీది. గారు ఉంచమంటావా, తీయమంటావా?" అని అడిగారు.

"తీసేద్దాం."

"పెద్దాయన చెప్పినందుకా?"

"పెద్దయ్య చెప్పింది పెద్దయ్యకు సరే. మనిషయితడు, దేవుడయితడు, నాకు గంత తెల్వది. నేను ఆయనతోని పొద్దున లేస్తే నువ్వు అని మాట్లాడ్త. తిడ్త గూడ. గా గారు చూస్తుంటె నాకు నోరు వస్తలేదు. ఎవలో ఆఫీసరు ముంగట నిలవడ్డట్టున్నది."

గారు పెడితే ఆయన కిందికి దిగిపోతాడని సంఘ పెద్ద భయం. గారు పెడితే తనకు అందనంత ఎత్తుకు పోతాడని ఆమె భయం. రెండక్షరాలు ఒకేసారి రెండు పనులూ చేయగలవని నాకు అంతవరకు తెలియదు.

విప్పడం కూడా ఒక విద్యే, నేర్చుకోండి. పైనుంచి లాగితే గుడ్డ చిరుగుతుంది. తిరగేసి, కింది దారాన్ని బ్లేడుతో కోసుకుంటూ పోతే పైదారం దానంతట అదే ఊడి వస్తుంది. నేను చూపించాను, ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. టిక్కీ పనివాళ్ళ వేళ్ళు కదా, నా కంటే వేగంగా కోశారు. మధ్యాహ్నానికి పన్నెండు గార్లూ మెరూన్ దారపు కుప్పగా చాప మీద పడ్డాయి.

పర్దా ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టి చూశాం. సూది చిల్లుల్లోంచి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో, ముందు కంటే స్పష్టంగా, గారు.

సంఘ పెద్ద తల పట్టుకున్నాడు.

"టిక్కీలు అంటిస్తే చిల్లులు కానరావు," అంది ఒక పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. ఎవరూ ఆపేలోపు జిగురు తెచ్చి చకచకా చిల్లుకో రాయి చొప్పున అంటించేసింది. లేచి చూసుకుంటే తళతళా మెరుస్తూ గారు. ఈసారి రాత్రి కరెంటు పోయినా చదవొచ్చు. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి వచ్చారు. నేనూ నవ్వాను, సంఘ పెద్ద చూస్తుండగానే. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన కూడా నవ్వాడు.

అప్పుడు పర్దా తెచ్చినామె ఆ రాళ్ళు గోటితో లేపి, మళ్ళీ తన చేత్తో పెట్టింది. చిల్లుల వెంట కాకుండా, వాటి మీదుగా ముద్దగా, పైన వెడల్పుగా, కింద సన్నగా. ద్రాక్షగుత్తి వచ్చింది. తలా ఒక గుత్తి పంచుకున్నారు. నేను మెరూన్ దారంతో చేత్తో తొడిమలు కుట్టాను. ఇరవై ఏళ్ళు మిషన్ చేత కుట్టించినవాణ్ణి, సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పొద్దు గూకక ముందే పని పూర్తయింది.

ఆదివారం నన్నూ రమ్మన్నారు. అంతకు ముందు నేను చర్చిలో అడుగు పెట్టలేదు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక వెనక వరసలో కూర్చుని ముందువాళ్ళను చూసి చేశాను. ఎదురు గోడకు పర్దా నిండుగా ఉంది. పాటలు, ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద కాగితం పట్టుకుని పేర్లు చదవడానికి లేచాడు. పాస్టరు గారు ఆయన్ను ఒక్క నిమిషం ఆగమని మైకు తీసుకున్నారు.

"నిన్న మన వాళ్ళు కష్టపడి పన్నెండు గార్లు తీశారు. వాటిని పారేయకూడదు."

"గారెలా సార్?" అన్నాడు పక్కనున్న ముసలాయన, నిజంగానే. హాలంతా గొల్లుమంది.

"గారెలు భోజనంలో ఉన్నాయి తాతా. నేను చెప్పేది గారు సంగతి. అది దేవుడికి కాదు, మనుషులకు పెట్టేదని మన పెద్దాయన నిన్న ఖాయం చేశారు. కాబట్టి ఇవాళ ఆయన చదివే పేర్లన్నిటికీ పెడతారు."

తన మాటే తిరిగి వచ్చి తగిలాక సంఘ పెద్ద చేసేదేముంది? గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కుర్చీలు ఇచ్చినాయన పేరు, గారు. ఫ్యాన్లు ఇచ్చినాయన పేరు, గారు. వాళ్ళిద్దరూ అలవాటైన వాళ్ళలాగే లేచి దండం పెట్టి కూర్చున్నారు. మైకు ఇచ్చిన వాళ్ళు కూడా అంతే.

"పర్దా," అని ఆగాడు. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఓ టిక్కీ అని పిలిచిన మనిషి పేరు అందులో పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి ఉంది. ఒక్కో అక్షరం విడిచి విడిచి చదివాడు. చివర గారు అన్నాడు.

ఎవరూ లేవలేదు.

ఆమె రెండో వరసలో కూర్చుని ఉంది. పిలిచింది ఎవరినో చూద్దామని వెనక్కి తిరిగింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా మొహాలన్నీ వెతుక్కుంటూ వచ్చి నన్ను చూసింది.

"మిమ్మల్నేనక్కా," అన్నాను.